వెర్నా ఇచ్చిన పెయ్య

మే తొమ్మిదో తారీకు, శనివారం, పొద్దున్న తొమ్మిది గంటల పద్దెనిమిది నిమిషాలకి ఆవుని వెనక్కి తిప్పింది నేనే. ఎవరూ నాకు నూరిపొయ్యలేదు, ఎవరూ నా చేత చేయించలేదు. టైము ఎలా తెలుసంటావా? మీ శ్రీరామ్ కొత్తింట్లో ఓవెన్ మీద అంకెలు నా ఎదురుగానే వెలుగుతున్నాయి. ఆ మాట ముందు ఖాయం చేసుకో శంకరం. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఆష్‌బర్న్ నుంచి ఇంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చావు. కూర్చో. ఈ మజ్జిగ తాగు. కోపంగా ఉన్నవాళ్ళు కూడా తాగొచ్చు.

ముహూర్తం చెడగొట్టానని నళిని వారం నుంచి ఫోన్లో ఏడుస్తోంది. తోడికోడలు ఏడిస్తే నాకు మాత్రం సంతోషమా? కానీ ఏం చెడింది, నువ్వే చెప్పు. ముహూర్తానికి నా ఆవు ముత్యం గడప దాటిందా లేదా? దాని వెనకాలే నీ కొడుకూ కోడలూ కుడికాలు పెట్టి లోపలికొచ్చారా లేదా? పాలు పొంగాయా లేదా? గృహప్రవేశం అయిపోయింది నాయనా. నేను తిప్పింది అదంతా అయ్యాక.

కాసేపు నన్ను మాట్లాడనీ. నేను మీ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నువ్వు హైస్కూల్లో ఉన్నావు. అప్పట్నుంచీ ఎవరేమన్నా తల ఊపుతూనే ఉన్నాను. మా వదిన నోట్లో నాలుక లేని మనిషి అని నీ ఫ్రెండ్స్ దగ్గర గొప్పగా చెప్పుకునేవాడివి. ఉంది. వాడే అవసరం రాలేదు.

కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది ఆ ట్రెయిలర్. దాని మీద ఆవు బొమ్మ, మెడలో దండ, కింద ఫోన్ నంబరు. వీకెండు వీకెండుకీ ఇళ్ళకి ఆవుని అద్దెకి తిప్పే ఫణిగారే కదా అందులో కూర్చున్నది? లోపలికి రమ్మంటే రానన్నాడు. పోనీ వరండాలోనైనా కూర్చోమను, ఎండ. ఆయన మీద నాకేం కోపం లేదు. వ్యాపారం చేసుకుంటున్నాడు.

నువ్వు ఎందుకొచ్చావో నాకు తెలుసు. దానం ఇచ్చేశాం, ధార పోసేశాం, ఇచ్చిన ఆవుని వెనక్కి తీసుకుంటే వంశానికి మంచిది కాదు, అందుకని మర్యాదగా పలుపు చేతికిస్తే ఫణిగారి ట్రెయిలర్‌లో ఎక్కించుకుపోతావు. అంతేగా?

సరే. ముందు ఇది ఎవరి ఆవో విను.

మేం అమెరికా వచ్చిన కొత్తల్లో ఈ కొండల్లో బొగ్గు గనుల ఊళ్ళో హాస్పిటల్‌కి సర్జన్ కావాలంటే మీ అన్నయ్య ఒప్పుకున్నారు. రెండేళ్ళు చూసి పెద్ద ఊరికి పోదామనుకున్నాం. నాకు ఇక్కడ మనిషి లేరు, మాట లేదు, తినడానికి తిండి లేదు. స్టోర్‌లో పెరుగు అని కొంటే అందులో పంచదార, స్ట్రాబెర్రీ ముక్కలు. ఆ డబ్బా ముందు పెట్టుకుని ఏడ్చాను. నవ్వకు. నీకు ఎడిసన్‌లో దిగగానే ఇడ్లీ దొరికింది కాబట్టి తెలీదు.

డాక్టరు భార్య పెరుగు కోసం ఏడుస్తోందని నర్సు ఎవరో చెప్పినట్టున్నారు. మర్నాడు కొండ మీది పొలంలోంచి వెర్నా దిగొచ్చింది. మడమల దాకా బురద, చేతిలో మూతపెట్టిన పాల బాల్చీ. ఇంకో చేతిలో సీసాడు మజ్జిగ, వాళ్ళు వెన్న తీశాక మిగిలింది. ఆ మజ్జిగే తోడువేశాను. తెల్లారేసరికి గడ్డ పెరుగు. ఇప్పుడు నువ్వు తాగుతున్నది కూడా ఆ తోడే, దాన్నుంచి దానికి అందుకుంటూ వచ్చింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పిపోయింది, మేం ఇండియా వెళ్ళినప్పుడు. తిరిగొచ్చి మళ్ళీ వెర్నానే అడిగాను.

ఆవిడా నేనూ వరండాలో చిక్కుడుకాయలు వొలుచుకుంటూ కూర్చునేవాళ్ళం. ఆవిడ వాళ్ళవాళ్ళ కథలు చెప్పేది, నేను మనవాళ్ళవి చెప్పేదాన్ని. మీ నాయనమ్మ ఉల్లిపాయ తిన్న కథ ఆవిడకి ఎంత ఇష్టమో. వాళ్ళింట్లో చెప్పుకునే మనుషుల పేర్లు ఇప్పుడు నాకే గుర్తు. వాళ్ళ పిల్లలకి తెలీవు.

వాళ్ళ పెద్దలు ఈ కొండ ఎక్కినప్పుడు రోడ్డు లేదు, బండి పట్టదు. పెళ్ళైన పిల్ల మొగుడి వెనకాల నడుస్తోంది, ఆ పిల్ల వెనకాల ఒక పెయ్య నడుస్తోంది. తండ్రి కూతురికి ఇచ్చింది ఆ పెయ్య, ఒక కుండ, ఒక దుప్పటి. మిగతా సామానంతా మొగుడిది. పెయ్య మాత్రం ఆమెది. అప్పటి చట్టం ఏమనేదో నాకు తెలీదు. ఆ ఇంట్లో మాత్రం దాన్ని అమ్మాలన్నా మార్చాలన్నా ఆవిడ నోట మాట రావాలి.

ఆవంటే ఏమిటనుకున్నావు ఇక్కడ? పూలు చల్లడానికా? వాళ్ళకి చేలో పండేది మొక్కజొన్న, చిక్కుళ్ళు. మంచు పడితే అదీ లేదు. ఇంట్లో పాలుంటే పిల్లలు వసంతం చూస్తారు. లేకపోతే చూడరు. అంతే లెక్క. వెన్న తీసి ఊట దగ్గర చల్లటి నీళ్ళలో రాతిగదిలో దాచేవాళ్ళు. ఆ వెన్న కొండ దిగి వెళ్ళి ఉప్పుగా, సూదులుగా, గుడ్డగా తిరిగొచ్చేది. చచ్చిన ఆవు తోలు పిల్లల కాళ్ళకి జోళ్ళయ్యేది. కొవ్వు దీపమయ్యేది. ఒక ఏడాది ఎద్దు కాలు విరిగితే ఆ ఇంటి ఆడామగా కాడి మోసి చేను దున్నారట. ఉన్నికి గొర్రెలు లేని ఇంటివాళ్ళు ఆ చలిలో ఏం కప్పుకునేవాళ్ళో ఊహించుకో.

పందుల మాట ఎత్తితే మొదట్లో నేను లేచి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. అడవిలో చెస్ట్‌నట్ కాయలు తిని పెరిగేవట, చలి ముదిరాక కోసేవాళ్ళట. వెర్నా నవ్వేది. 'ఉమా, ఆరుగురు పిల్లల్ని పెట్టుకుని ఇక్కడ ఒక్క చలికాలం గడుపు, అప్పుడు లేచి వెళ్దువుగాని' అనేది. ఆ తర్వాత్తర్వాత కూర్చునే విన్నాను. తినడం నా వల్ల కాదు. వినడానికేం.

వాళ్ళ తాతమ్మ ఒకావిడ, లవీనా. ఇక్కడ ఉత్తరానికీ దక్షిణానికీ యుద్ధం జరిగిందే, అప్పుడు. ఇవాళ ఒక సైన్యం వచ్చి గిత్తల్ని తోలుకుపోతుంది, ఎల్లుండి ఇంకో సైన్యం వచ్చి కోళ్ళని పట్టుకుపోతుంది. ఎవరొచ్చినా పశువుల కోసమే రావడం. లవీనా ఆవు మెడ గంటలో నాచు కుక్కింది, చప్పుడు రాకుండా. మనిషి దూరలేని పొదల్లోకి దాన్ని తీసుకెళ్ళి కట్టేసింది. రోజూ వేళకి పాక్కుంటూ వెళ్ళి పాలు పిండి, ఏప్రాన్ కింద దాచుకుని తెచ్చేది. ఇంటి ముందు సిపాయిలు కూర్చుని ఉంటే వాళ్ళ ముందు నుంచే నడిచొచ్చేది. మొగుడు యుద్ధం నుంచి రాలేదు. పిల్లలు నలుగురూ బతికారు.

ఆ ఆవు కూతురి కూతురి కూతురే, అలా అలా, వెర్నా దొడ్లో ఉన్న ఆవులు. మధ్యలో మేలుజాతి ఆబోతులొచ్చాయి, రంగు మారింది, జెర్సీ పోలిక వచ్చింది. తల్లి వైపు మాత్రం తెగలేదు.

వెర్నా తండ్రి గనిలో కప్పు కూలి పోయాడు. కంపెనీవాళ్ళు ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. తల్లి ఐదుగురు పిల్లల్నీ, ఆవునీ నడిపించుకుని కొండ మీద బంధువుల ఇంటికెళ్ళింది. చోటు లేదు అనబోయినవాళ్ళు ఆవుని చూసి రమ్మన్నారు. వెర్నా ఆ మాట చెప్పి, 'మమ్మల్ని కాదు లోపలికి పిలిచింది, దాన్ని' అనేది. అందులో కోపం ఉండేది కాదు. సంగతి చెప్పేది.

ఇంకొకటి చెప్తాను, ఇది నీకు మీ అన్నయ్య చెప్పి ఉండరు. వెర్నాకి కొడుకులున్నా, కూతురు ఒక్కతే. కారు లోయలో పడింది. హాస్పిటల్‌కి తెచ్చారు. ఆపరేషన్ చేసింది మీ అన్నయ్యే. బతకలేదు. ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్న వెర్నా బాల్చీతో వచ్చింది, ఎప్పటిలాగే. గుమ్మంలో నిలబడి, 'డాక్టరుగారు నిన్నట్నుంచీ ఏం తినలేదటగా, ఇవి వేడిచేసి ఇవ్వు' అంది. అంతే శంకరం.

అక్కణ్ణుంచి మేం పెద్ద ఊరికి వెళ్దామనే మాట ఎత్తలేదు.

రెండేళ్ళ కిందట ఆవిడకి ఒళ్ళు బాగాలేదని తెలిసింది. కొడుకులు షార్లెట్‌లో. వాళ్ళకి పశువులు అక్కర్లేదు. మందంతా సంతలో అమ్మేశారు. అందులోంచి ఒక్క పెయ్యని ఆపింది. పలుపు పట్టుకుని, దాన్ని నడిపించుకుంటూ, ఆయాసపడుతూ మా గేటు దాకా తనే దిగొచ్చింది. నేను కంగారుగా కుర్చీ తెచ్చాను. కూర్చోలేదు.

'మా ఇంట్లో పెయ్య కూతురికి వెళ్తుంది ఉమా. నాది పోయింది. నువ్వున్నావు' అంది.

పలుపు నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. 'దీని పేరు పెర్ల్. మగవాళ్ళ బేరాల్లోకి దీన్ని రానివ్వకు' అంది. నేను ముత్యం అని పిలుస్తాను.

నా పుట్టింటి నుంచి నాకు ఏమొచ్చిందో నీకు తెలుసు. కంచాలూ, గిన్నెలూ, నా పేరు కొట్టించిన రాగి బిందె. అవన్నీ మీ అమ్మగారు ఎవరెవరికో పంచేశారు. నేను అడగలేదు. ఇది మాత్రం నాకు పుట్టింటి నుంచి వచ్చిన ఆవు. పుట్టిల్లు ఇక్కడ ఏమిటని అడక్కు. చెప్పాను కదా ఇంతసేపూ.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం.

మార్చిలో ఎవరు ఫోన్ చేశారు నాకు? నువ్వే. 'వదినా, మనింట్లో ఆవు పెట్టుకుని అద్దె ఆవు ఎందుకు, మన ముత్యమే ముందు నడవాలి' అన్నావు. నాకు ఎంత గర్వమేసిందో. నా ఆవు మన శ్రీరామ్ ఇంట్లో మొదటి అడుగు పెడుతుందంటే కాదంటానా? దూడని పక్కవాళ్ళకి అప్పజెప్పి, ట్రెయిలర్ అడిగి తెచ్చుకుని, ముందురోజే బయల్దేరాం. రాత్రికి లీస్‌బర్గ్ అవతల ఎవరో గుర్రాలవాళ్ళ కొట్టంలో కట్టేశాం.

మీరు దాని గిట్టలకి రబ్బరు జోళ్ళు తొడిగారు. నేనేం అనలేదు. వెనక డయపర్ కట్టారు. కొత్తింట్లో ఆవు పేడ వేస్తే శుభమనేది మా అమ్మ. సరే, మీ ఇల్లు, మీ టైల్స్. ఫోటోగ్రాఫర్ దాన్ని ఇటు చూడమన్నాడు, అటు చూడమన్నాడు. పైన ఆ డ్రోను తిరుగుతోంది తేనెటీగలాగా. అదే కాకుండా మీ ఇంటి వెనకాల ఆ డేటా సెంటర్లు రాత్రీ పగలూ మూలుగుతూనే ఉంటాయి కదా. పశువు ఎంత బెదిరిపోవాలి? బెదరలేదు. వెర్నా నేర్పిన పిలుపుతో సూక్, సూక్ అని పిలుస్తూ, అరచేతిలో ఉప్పు పెట్టుకుని నేను ముందు నడిచాను. నా చెయ్యి నాకుతూ గడప దాటింది.

నీ కోడలు విద్య వాళ్ళ మేనత్త ఎవరో, జెర్సీ ఆవుకి మూపురం లేదు కదండీ, పనికొస్తుందా అని అడిగింది. పూజ చేయించే శాస్త్రిగారు ఏమన్నారు? 'ఏ దేశంలో ఉంటే ఆ దేశపు ఆవే అమ్మా గోమాత' అన్నారు. ఆ మాటకి నేను మనసులో ఆయనకి దణ్ణం పెట్టాను.

ఇక అక్కడితో ఊరుకున్నారా? వెండి ఆవు బొమ్మ పళ్ళెంలో సిద్ధంగా ఉంది, గోదానానికి. అందరూ ఇక్కడ చేసేది అదే. శాస్త్రిగారు ఆ బొమ్మని పక్కకి జరిపి, సాక్షాత్తూ గోవే నిలబడి ఉండగా ప్రతిమ ఎందుకు అన్నారు. నువ్వు చప్పున ముందుకొచ్చి ముత్యం తోక తీసి శ్రీరామ్ చేతిలో పెట్టావు. ఒకసారి నా వైపు చూశావా? చూశావు. చూసి, నవ్వావు. అదేదో నాకు బహుమానం ఇస్తున్నట్టు.

నాకు సంస్కృతం రాదు. కానీ ఇన్నేళ్ళు పూజలు విన్నదాన్ని. తుభ్యమహం సంప్రదదే, న మమ. ఇది నీకిస్తున్నాను, ఇక నాది కాదు. ఆ పిల్లాడు ఒక్కో ముక్కా అమెరికా యాసలో అప్పజెప్తున్నాడు. న మమ అన్నాడు. నిజమే మరి, వాడిది ఎప్పుడైంది కనక?

ఆగండి అన్నాను. నీకు వినపడలేదు. సన్నాయి రికార్డు మోగుతోంది స్పీకర్‌లో. మళ్ళీ అన్నాను. నళిని విని, 'అక్కా, ఫోటోలో అడ్డం వస్తున్నావు, కాస్త జరుగు' అంది.

జరిగాను. ముత్యాన్ని తీసుకుని జరిగాను.

మీ కథ ఏమిటంటే ధార పోసేశాం అని. నేను ఆవు తల దగ్గర నిలబడి ఉన్నాను, నాకు తెలుసు. శ్రీరామ్ ఉద్ధరిణె వంచాడు, అప్పటికే తోక వాడి చేతిలోంచి జారింది, శాస్త్రిగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నీళ్ళు టైల్స్ మీద పడ్డాయి. కావాలంటే మీ డ్రోను వీడియోలో చూసుకో. టైల్స్‌కి దానం ఇచ్చుకున్నారు మీరు.

అది వదిలెయ్. నీళ్ళు చేతిలోనే పడ్డాయనుకుందాం. పరాయివాళ్ళ ఆవుని దానం చేస్తే ఎవరికి పుణ్యం? ఏ శాస్త్రంలో ఉంది? నువ్వు రోజూ సంధ్యావందనం చేసే మనిషివి, నువ్వు చెప్పు. మజ్జిగ గ్లాసులోకి చూస్తావేం?

గరాజ్ గుండా బయటికి తీసుకొచ్చాను. తలుపు ఎవరు తీశారని మాత్రం అడక్కు, ఆ పిల్ల పేరు నా నోట రాదు. బయటికొచ్చి చూద్దును కదా, వీధి మలుపులో ఆ ట్రెయిలర్. ఆవు బొమ్మ, దండ, ఫోన్ నంబరు. వెనక తలుపు అప్పటికే తెరిచి ఉంది. లోపల కొత్త గడ్డి పరిచి ఉంది.

అప్పుడు అర్థమైంది. శాస్త్రిగారికి అప్పటికప్పుడు తోచింది కాదది. ఆయన ఉండేది మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో, ఆవుని బాల్కనీలో కడతాడా? ఆయన పుచ్చుకోవడం, ఫణిగారికి అప్పగించడం, ఫణిగారు శనాదివారాలు ఇంటింటికీ తిప్పడం, అన్నీ ముందే మాట్లాడుకున్నారు. ఆ జోళ్ళు, ఆ డయపర్ వారం వారం దానికి. ఇక్కడ దూడకి ఇక తల్లి ఉండదు.

అవును, నా మంచికే. ఆ మాట అంటావని తెలుసు. జనవరిలో ఐసు మీద జారి పడ్డాను, మణికట్టు విరిగింది, నిజమే. మీ అన్నయ్యకి తుంటి మార్చారు, నిజమే. ఈ వయసులో మీకు ఈ బరువెందుకు వదినా అంటావు. బరువని నేను ఎప్పుడైనా చెప్పానా? కట్టుతోనే ఒంటిచేత్తో పాలు పితికాను. నన్ను అడిగితే నా జవాబు నీకు తెలుసు. అందుకే నన్ను అడగలేదు.

మరి ఎవర్ని అడిగావు?

ఇంటికొస్తూ సగం దారిలో గ్యాస్ కోసం ఆగాం. మీ అన్నయ్య స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా చూస్తూ, 'శంకరం ఏప్రిల్‌లో అడిగాడు. సరే చూద్దాం అన్నాను' అన్నారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. 'నువ్వు పడ్డ రోజు లేవదియ్యలేకపోయాను ఉమా. నాకు భయమేసింది' అన్నారు.

భయం వెయ్యడం తప్పు కాదు. కానీ వెర్నా ఏమంది? మగవాళ్ళ బేరాల్లోకి రానివ్వకు అంది. నేను చూస్తూ ఉండగానే అన్నదమ్ములిద్దరూ ఫోన్లో బేరం చేసేశారు. ఇంటికొచ్చేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. కోపం కాదు. ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నాను. నువ్వు ఊరుకోవని తెలుసు. ఇవాళ కాకపోతే రేపు ట్రెయిలర్‌తో వస్తావు. ఈయన మెత్తని మనిషి. నేను పూజలో ఉండగానో, స్నానంలో ఉండగానో ఆవు వెళ్ళిపోతుంది.

మర్నాడు ఆదివారం పొద్దున్నే శాస్త్రిగారికి ఫోన్ చేశాను. అదేం మొహం? తిట్టలేదులే. 'అయ్యా, పెద్దదాన్ని, తెలీక అడుగుతున్నాను, దానానికి ఎలాంటి గోవు పనికిరాదు?' అన్నాను. పాపం ఆయన పశ్చాత్తాపపడుతున్నాననుకున్నారు. ఎంత ప్రేమగా చెప్పారో. ముసలిది కాకూడదు, గొడ్డుది కాకూడదు, రోగిష్ఠిది కాకూడదు. కొమ్ము విరక్కూడదు, తోక తెగకూడదు, చెవి తెగకూడదు. 'మూపురానికి దేశం బట్టి సర్దుకున్నారు కదండీ, చెవికి సర్దుకోరా?' అని అడిగాను. అంగలోపానికి సర్దుబాటు లేదమ్మా అన్నారు. గృహప్రవేశానికో అన్నాను. అంతకన్నా అశుభం ఉండదు అన్నారు. వెయ్యి దణ్ణాలు చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఈ కొండల్లో వెనకటికి కంచెలు లేవు శంకరం. చేనుకే కంచె. పశువులన్నీ అడవిలో కలిసి తిరిగేవి. మరి ఎవరిది ఎవరిదో ఎలా తెలియడం? చెవికి గాటు. ఒక్కో ఇంటికీ ఒక్కో రకం. ఆ గుర్తు కోర్టులో చెప్పి రాయించుకునేవాళ్ళు, ఇంకొకళ్ళు పెట్టుకోకూడదు. వెర్నా వాళ్ళది, ఎడమ చెవి కొన అడ్డంగా కత్తిరింపు, కుడి చెవి కింది అంచున నెలవంకలాగా ఒక గాటు. కంచెలొచ్చాక ఆ అవసరం పోయింది. అయినా తల్లి నుంచి కూతురికి వెళ్ళే పెయ్యకి మాత్రం వాళ్ళు పెట్టడం మానలేదు. ముత్యానికి కూడా పెట్టించుకో అని వెర్నా చెప్పింది. నా వల్ల కాదన్నాను. గోవు మీద కత్తి పెట్టడమా అన్నాను. 'నీ ఇష్టం' అంది, 'కానీ గుర్తు లేని ఆవు ఎవరు తోలుకుపోతే వాళ్ళది.'

ఫోన్ పెట్టేసి మీ అన్నయ్య దగ్గరికెళ్ళి సంగతి చెప్పాను. పెట్టించాలి, ఇవాళే, అన్నాను. ఆయన కింద రోడ్డులో ఉండే పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేశారు. ఆవిడ చర్చికి వెళ్తూ ఆగి, రెండు చెవులకీ మత్తు ఇచ్చింది. కోత నేను కోస్తానంది. ఈయన వద్దన్నారు. 'ఈ చేత్తోనే సరే అన్నాను' అన్నారు.

ఎనభై ఏళ్ళ మనిషి. కాఫీ కప్పు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. కత్తి పట్టుకుంటే వణకలేదు. నేను మెడ కింద గంగడోలు నిమురుతూ నిలబడ్డాను. అది నా భుజం మీద తల పెట్టుకుని నెమరు వేస్తోంది. ఎడమది అయింది, కుడిది అయింది. డాక్టరమ్మ మందు రాసింది, దాని మీద నేను పసుపు అద్దాను. రక్తం నా చీర మీద పడింది. ఆ చీర ఉతకలేదు ఇంకా.

అదీ సంగతి. వెళ్ళి చూసుకో, కొట్టం తలుపు తీసే ఉంది. ఫణిగారిని కూడా పిలిచి చూపించు. చెవులు కోసిన ఆవుని ఏ ఇంటివాళ్ళు గడప తొక్కనిస్తారో కనుక్కో. శాస్త్రిగారు పుచ్చుకుంటారేమో అడుగు.

పాపం అంటావా? అవును. పాపమే. రోజూ ఏ ఆవు కాళ్ళకి మొక్కుతానో దాని చెవి కోయించాను. భయపడి కాదు, పొరపాటున కాదు, తెలిసి చేయించాను. దానికి పైన ఎవరికి జవాబు చెప్పుకోవాలో నాకు తెలుసు. నీకు కాదు.

ఆ పొద్దున్న ఇంకేం చేశామంటావా? కత్తి కడిగి ఆయన పెట్టెలో పెట్టేశారు. దూడని వదిలాం, తల్లి దాన్ని నాకుతూ నిలబడింది. లోపలికొచ్చి తలంటు పోసుకున్నాం. దీపం పెట్టాను. ఇలాంటి పని జరిగిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించకూడదేమో, ఎవర్నీ అడగలేదు. ఆకలేసింది. ఉప్మా చేశాను. ఇద్దరం మారు వడ్డించుకుని తిన్నాం.